అట్టపెట్టె శాసనానికి టీకా తాత్పర్యం

మూలం:
ఐపీ 67.
ద్రవములవలన కలిగిన నష్టమునకు వారంటీ వర్తించదు.

అవతారిక: ఇది సెల్‌ఫోను అట్టపెట్టె మీద వెలసిన ద్విపాది. కర్త అజ్ఞాతుడు. మొదటి పాదం ముందువైపు బొద్దుగా, రెండోది అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉండటం సంప్రదాయం. కొండపల్లి బొమ్మల కాలనీలో పొణికి కర్రకు ఆకురాయి పట్టే శిష్యుడొకడు ఈ పెట్టె తెచ్చి, "రెండింట్లో ఏది నిజం పంతులుగారూ?" అనగా ఈ వ్యాఖ్యకు పూనుకున్నాం.

ప్రతిపదార్థం: ఐపీ = ఇంగ్రెస్ ప్రొటెక్షన్ (ఇంటర్నేషనల్ ప్రొటెక్షన్ అని పాఠాంతరం; ఏ పాఠమైనా ఫోను తడిసే తీరు ఒకటే); 6 = ధూళి బొత్తిగా చొరనిదియు; 7 = మీటరు లోతు నీట అరగంట ముంచినను చెడనిదియు; అగును అని అన్వయం. అరవై ఏడు అని కలిపి చదివితే అపార్థం. ఆరు వేరు, ఏడు వేరు. ఒకటి దుమ్ము లెక్క, ఇంకొకటి నీటి లెక్క.

టీక: దీనికి మూలశాస్త్రం ఐఈసీ 60529, మొదటి కూర్పు 1976. మన భారతీయ ప్రమాణాల సంస్థ దాన్నే ఐఎస్/ఐఈసీ 60529గా స్వీకరించింది. మొదటి అంకె 0 నుంచి 6 దాకా. రెండు అంటే వేలు దూరనిది, నాలుగంటే ఒక మిల్లీమీటరు తీగ దూరనిది. ధూళి ప్రస్తావన ఐదులో గాని రాదు: కాస్త దూరినా పనికి అడ్డు రాకపోతే చాలునంటుంది ఐదు. ఆరు ఒప్పుకోదు.

మరి ధూళికి ప్రతినిధి ఎవరు? టాల్కం పౌడరు. సన్నని జల్లెడ పట్టి, మూసిన గదిలో ఘనపు మీటరుకు 2 కిలోల చొప్పున వేసి, గాలిలో తేలేటట్టు తిప్పుతారు. ఆరుకు పరీక్షించేటప్పుడు పరికరం లోపలి గాలిని కొంచెం పీల్చి, పౌడరు లోపలికి రావడానికి ఉత్సాహం కూడా కల్పిస్తారు. ఇది కఠినమైన పరీక్షే, కాదనం. కాని శాస్త్రకారుడు మా పక్కనున్న ఇబ్రహీంపట్నం వచ్చినవాడు కాడు. అక్కడి థర్మల్ విద్యుత్కేంద్రం వీటీపీఎస్ బూడిద లారీ వెనకాల బండి మీద వెళ్లి ఉంటే ముఖానికి రాసుకునే పౌడరును ఎంచుకునేవాడు కాడేమో.

పూర్వపక్షం: "నీటి అంకెలో ఐదు కంటే ఆరు, ఆరు కంటే ఏడు పెద్దవి గదా. మునిగి బతికిన ఫోను ధారకు జంకుతుందా?" బైకు హ్యాండిల్‌కు బిగించిన ఫోనును తీయకుండానే వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చే శిష్యుడి ప్రశ్న ఇది.

సిద్ధాంతం: జంకుతుంది. నీటి అంకెల్లో ఆరు వరకే ఒకదానిపై ఒకటి మెట్లు. ఏడు, ఎనిమిది వేరే శాఖ. ఐదుకు 6.3 మిల్లీమీటర్ల నాజిల్‌తో నిమిషానికి 12.5 లీటర్లు, ఆరుకు 12.5 మిల్లీమీటర్ల నాజిల్‌తో 100 లీటర్లు చిమ్ముతారు. ఏడులో చిమ్మడమే లేదు; నిలవనీటిలో ముంచి ఊరుకుంటారు. అందుకే రెండూ నెగ్గినవాళ్లు 65/68 అని గీత పెట్టి రాస్తారు. ఎనిమిదికి షరతులు తయారీదారు చెప్పుకున్నవే, ఏడు కంటే కఠినంగా ఉంటే సరి.

విశేషం: ఏడు పరీక్షలో నీటికీ పరికరానికీ వేడిలో తేడా 5 డిగ్రీలు మించరాదు. మే నెలలో కొండపల్లి ఖిల్లా ఎక్కి దిగి, జేబులో కాగిన ఫోనును చల్లటి బకెట్టులో వేస్తే అది శాస్త్రోక్తం కాదు. లోపలి గాలి చల్లబడి కుంచించుకుంటుంది. ఆ లాగుడుకు సందుల దగ్గరి నీరు లోపలికి వస్తుంది.

విరోధ పరిహారం: మొదటి పాదం పరీక్షశాలలో కొత్త పరికరానికి మంచినీటితో జరిగినదాన్ని చెబుతుంది. రెండో పాదం రెండేళ్లు జేబులో నలిగి, ఒకసారి కిందపడి, అంచున జిగురు వదులైన ఫోను గురించి. 2024 సెప్టెంబరులో కవులూరు దగ్గర బుడమేరు వాగుకు గండ్లు పడి, విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి బురదనీళ్లలో ఉన్నప్పుడు అరగంట లెక్క ఎవరికి పనికొచ్చింది? చాలా ఫోన్లలో సిమ్ గూటిలో ఒక తెల్ల చీటీ ఉంటుంది. నీరు తగిలితే ఎర్రబడుతుంది. సర్వీసు సెంటరువాడు మన మాట వినడు, దాని రంగే చూస్తాడు. కాబట్టి రెండు పాదాలూ నిజాలే. ఒకటి అమ్మేవాడి పక్షం, రెండోది కూడా అమ్మేవాడి పక్షమే.

అధికార నిర్ణయం: మరి మా శిష్యుడి కొండపల్లి బొమ్మల్లోని అంబారీ ఏనుగుకు ఏ అంకె ఇవ్వాలి? చింతగింజల మక్కుతో అతికి, రంగులద్దిన ఆ బొమ్మకు ఈ శాస్త్రంలో అధికారం లేదు. ఇది 72.5 కిలోవోల్టులు మించని విద్యుత్ పరికరాల తొడుగులకే చెప్పినది. ఏనుగును మాత్రం నీళ్లకు దూరంగా పెట్టండి.

తాత్పర్యం: బూడిద పట్టిన ఫోనును కుళాయి కింద కడిగే అలవాటున్నవారు పెట్టె మీద 65గాని 66గాని కూడా ఉందో లేదో చూసి కొనండి. 67 ఒక్కటే ఉంటే తడిగుడ్డతో తుడవండి. బండి సర్వీసింగ్‌కు ఇచ్చేముందు ఫోను తీసి జేబులో వేసుకోండి.