డాబా మీద వంగమొక్క: కోనసీమవారికి కొన్ని సూచనలు

కుండీల్లో కూరగాయలు పెంచాలంటే ముందు పెరట్లో మట్టి లేకుండా చూసుకోవాలి. బొంబాయి అపార్టుమెంటులో ఉండేవాడికి ఈ బాధ లేదు. అమలాపురంలోనో కొత్తపేటలోనో ఇల్లున్నవారికి మాత్రం గౌతమికీ వసిష్ఠకీ మధ్య వేల ఏళ్లుగా పేరుకున్న ఒండ్రుతో పెద్ద చిక్కు. పొరపాటున గింజ పడితే చాలు, ఆనపపాదు పెంకుల మీదికెక్కి కూర్చుంటుంది. కాబట్టి ప్రహరీ నుంచి ప్రహరీ దాకా సిమెంటు చేయించండి. కంద, కరివేపాకు, అరటి పిలకలు ఏవీ మిగలకూడదు. కారు పెట్టుకోవడానికని చెప్పండి. కారేదని ఎవరూ అడగరు.

ఇప్పుడు మీకు స్థలం లేదు. డాబా ఎక్కండి.

కుండీలకు రంగు డబ్బాలు, రొయ్యల వ్యాపారి పారేసిన థర్మాకోల్ పెట్టెలు సరిపోతాయి. తోటకూరకు ఆరంగుళాల లోతు చాలు, వంగకూ టమాటాకూ అడుగుండాలి. అడుగున చిల్లులు పెట్టడం మరిచినా ఫరవాలేదు. వేరు కుళ్లి మొక్క చచ్చాక కొత్త నారు కోసం జొన్నాడ వంతెన మీదుగా కడియపులంక వెళ్లిరావచ్చు, షికారూ అవుతుంది.

అసలు సంగతి కొబ్బరి పొట్టు. పక్క వీధిలో డొక్కల గుట్ట ఉంది కదా అని అటు వెళ్లకండి, ఊళ్లో ఊరికే దొరికేదానికి విలువేముంది? ఆ డొక్కే అంబాజీపేట చుట్టుపక్కల ఎక్కడో పీచు మిల్లుకెళ్లి, పొట్టు రాల్చి, దిమ్మగా నొక్కించుకుని, కోకోపీట్ అనే పేరు పెట్టుకుని, అట్టపెట్టెలో మీ గుమ్మం ముందు దిగేదాకా ఆగాలి. పొలాచ్చి నుంచి వచ్చిన దిమ్మయితే మరీ గౌరవం. నీళ్లలో వేస్తే తన బరువుకు ఏడెనిమిది రెట్లు తాగి ఉబ్బుతుంది. పిండితే మొదటి నీళ్లు టీ డికాషన్‌లా దిగుతాయి. ఆ రంగు విరిగేదాకా కడగండి, ఉప్పు కూడా పోతుంది. పొట్టులో మొక్క తినడానికి దాదాపు ఏమీ ఉండదు గనక పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి, ఓ వంతు మట్టి కలపాలి. మట్టెక్కడిదంటారా? సంచుల్లో అమ్ముతున్నారు.

కుండీలను కొబ్బరి మట్టల నీడలో పెట్టండి. సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడులో బయటపడింది, మన తోటలకు రావడానికి ఎంతోకాలం పట్టలేదు. ఆకుల అడుగున తెల్లటి మైనంతో చుట్టలు చుట్టి జిగురు కారుస్తుంది. ఆ జిగురు కింద ఏముంటే దాని మీద పడి మసి పడుతుంది. వంగాకు మీద వేలు రాస్తే కాటుక. లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి కొట్టండి. దోమ పైన చెట్టు మీద క్షేమంగా ఉంటుంది కాబట్టి ఈ ఉద్యోగం మీకు పర్మనెంటు.

వరదలప్పుడు మాత్రం డాబా సేద్యానికి తిరుగులేదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటి లంకల్లో తోటలు మునిగినప్పుడు, డాబా మీద బెండమొక్క నిటారుగా నిలబడింది. ఆ మాట ఎవరితోనైనా చెప్పుకోండి, లంక రైతుతో తప్ప. నీరు మీ వాకిట్లోకే వస్తే తీసేటప్పుడు సిమెంటు మీద మెత్తటి ఒండ్రు వదిలి పోతుంది. ఎండితే పట్టేస్తుంది, పచ్చిగా ఉండగానే చీపురూ పైపూ పట్టుకుని మురిక్కాలవలోకి తోసెయ్యండి. మట్టి సంచులకు ఆర్డరు ఆ తర్వాత పెట్టుకోవచ్చు.

కాపు మూడు వంకాయలు. సంతలో ధరతో లెక్కేసుకోకండి. ఫొటో తీసి మస్కట్‌లో ఉన్న చెల్లెలికి పంపండి. ఆవిడా బాల్కనీలో కుండీలు పెట్టింది, పాపం ఆవిడకు నిజంగానే పెరడు లేదు. మన పెరటి గోంగూర విత్తనాలు ఓ గుప్పెడు పంపమంటుంది. ఏం చెప్పాలో ముందే అనుకుని ఉంచుకోండి.