కూలరున్నదా, లేదా?

ప్రశ్న వేయుట సులభమనియు, జవాబు చెప్పుటయే కష్టమనియు పరీక్షలు వ్రాసి బ్రతికినవారందఱు నమ్ముచుందురు, కాని దిల్‌సుఖ్‌నగరులో లిఫ్టు లేని అపార్టుమెంటు మెట్లన్నియు నెక్కి, తలుపు తట్టి, లోపలినుండి వినవచ్చు "మళ్ల ఎవలొచ్చిండ్రు?" అను స్వాగతవచనమును చిఱునవ్వుతో సహించి, చేతిలోని ప్రశ్నావళిని విప్పు ఎన్యూమరేటరును చూచినవారికి ఆ నమ్మకము నిలువదు.

2024 నవంబరున మన తెలంగాణ రాష్ట్రములో మొదలైన సమగ్ర ఇంటింటి కుటుంబ సర్వేలో ప్రధాన ప్రశ్నలు 56, అనుబంధ ప్రశ్నలు 19, వెరసి 75; 2011 జనగణనలో కుటుంబ పత్రమునందలివి 29 మాత్రమే. సంఖ్యను జూచి నేను జంకలేదు, ఏలయన మా అంతస్తులో ఎవరింటి ప్రశ్నకైనను ఉత్తరమిచ్చుటకు ఇరుగుపొరుగులు సదా సన్నద్ధులు. చిక్కు వచ్చినది ఆదాయము దగ్గఱ. ఎన్యూమరేటరుగా వచ్చిన టీచరుగారు మెల్లగా "నెలకు ఎంతొస్తదమ్మా?" అని యడుగగా ఎదురింటి తలుపు అంతకంటె మెల్లగా తెఱచుకొనెను. "ఏమొస్తది మేడమ్, వచ్చింది వచ్చినట్టే పోతది" అని ఇల్లాలు సెలవిచ్చెను. తిరుగులేని ఆర్థికసత్యమే గాని, అంకెల గడిలో పట్టదు.

మనవారు అబద్ధమాడుదురని నేననను. వినువారిని బట్టి నిజమును సవరింతురు. ఒకే జీతము రేషను కార్డు ప్రసక్తిలో కృష్ణపక్షచంద్రునివలె క్షీణించి, పెండ్లిచూపులనాడు శుక్లపక్షచంద్రునివలె వృద్ధినొందును. అందుచేత వివేకియైన ప్రశ్నకర్త వయస్సు, చదువు, పిల్లలు మొదలైన సుఖప్రశ్నలతో పరిచయము పెంచుకొని, ఆదాయమును తుదకు, అదియును ఇంతనుండి ఇంతవఱకు అను మేరలు చూపి, తలుపు దగ్గఱగా వేయించి మఱి అడుగును.

ఇంట నెందఱను ప్రశ్నయు అమాయకమైనది కాదు. 2014 ఆగస్టు 19న ఒక్క దినమున రాష్ట్రమంతయు సమగ్ర కుటుంబ సర్వే జరిగినపుడు సెలవు ప్రకటింపబడి, జనులు ఇండ్లు కదలకుండుటచే, దిల్‌సుఖ్‌నగరు చౌరస్తాలో రోడ్డు అంత వెడల్పుగా నున్నదని అనేకులకు తొలిసారి తెలిసివచ్చినది. అందఱు ఇంటనే యున్నను లెక్క తేలదు: హాస్టలులో నుండి కోచింగునకు పోవు పిల్లవానిని ఊరిలోని తల్లి తన లెక్కలో వేసికొనును. హాస్టలు యజమాని తన లెక్కలో వేసికొనును. ఒకే వంటింటి భోజనము చేయుచు కలిసియుండువారు కుటుంబమని జనగణనవారి సూత్రము. ఆ పిల్లవాడు హాస్టలు సాంబారును తప్పించుకొని మూడుపూటలు టిఫిను బండి యొద్దనే కానవచ్చును గనుక, వానిని బండివాని కుటుంబమున వ్రాయవలెనేమో!

ఇక కోచింగు కేంద్రమొకటి విద్యార్థులకు పంచిన అభిప్రాయపత్రమును కన్నులార గాంచితిని. పైన పేరు, రోలు నెంబరు, తండ్రిగారి ఫోను నెంబరు; దిగువ "నిర్భయముగా తెలుపుడు"; అటుపిమ్మట మా బోధన అత్యుత్తమమా, ఉత్తమమా, మంచిదా అని మూడు గడులు. నాలుగవది లేదు.

ఎల్బీనగరులో నా మిత్రుని యింటికి సరకుల కంపెనీ యువకుడొకడు వచ్చి కూలరున్నదా యని యడిగెను. ఉన్నది, అందులో ఉల్లిగడ్డలున్నవి. ఉన్నదన్న సంపన్నుల జాబితా, లేదన్న అసత్యదోషము. "పోయిన ఎండకాలం ఎన్నిదినాలు తిరిగింది?" అని యడిగియుండిన వ్యవహారము తేలిపోయెడిది.

మొన్న మా కాలనీ సంఘమువారు పార్కింగు తగవుపై ప్రశ్నావళి కూర్చుమనిరి. అచ్చునకు బోవక పూర్వము ప్రశ్నలను నలుగురిపై ప్రయోగించి చూడవలెనను నియమమున్నది గదా! "మీ వాహనమునకు తగిన స్థలము కలదా?" అను దానిని వాచ్‌మన్‌కు చదివి వినిపించితిని.

"గట్ల అడిగితే అందరు లేదనే అంటరు సార్. నిన్న రాత్రి బండి ఎవలి జాగల పెట్టిండ్రో అడుగుండ్రి" అనెను.

ఆ ప్రశ్ననే మొదట నుంచితిని. కార్యదర్శిగారు దానిని రెండుసార్లు చదివి, కారు తాళపుచెవులు జేబులో వైచుకొని, ప్రశ్నావళి మఱీ పొడవైనదనిరి.