ఇచ్చట చట్టాలు తప్ప అన్నీ చేయబడును

తాడిమర్రిలో ఎమ్మెల్యేకు చెప్పుకోని పని లేదు. పింఛను ఆగితే ఎమ్మెల్యే, కాలువ పూడితే ఎమ్మెల్యే, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఎమ్మెల్యే, గట్టు కాడ అన్నదమ్ములు కొట్టుకుంటే ఎమ్మెల్యే. పెళ్లికి రావాలి, చావుకు రావాలి, పుట్టువెంట్రుకలకు రాకపోతే ఆ వీధి వీధంతా ఐదేళ్లు గుర్తుపెట్టుకుంటుంది. ఇన్ని పనుల మధ్య పాపం ఆయనకు తీరక ఆగిపోయింది ఒక్కటే, చట్టం చేయడం. అందుకే ఎన్నుకున్నామన్న సంగతి ఆయనకూ గుర్తులేదు, మనకూ లేదు. ఒకరికొకరం గుర్తుచేసుకోం కూడా, మర్యాదగా ఉండదు.

ఈ ఉద్యోగం అసలు రూపాన్ని లోకానికి చూపించిన ఘనత తాడిమర్రి ఉన్న మన ధర్మవరం నియోజకవర్గానిదే. అప్పటి మన ఎమ్మెల్యే కేతిరెడ్డి వెంకటరామిరెడ్డి ‘గుడ్ మార్నింగ్ ధర్మవరం’ అంటూ పొద్దున్నే వీధుల్లో తిరుగుతుంటే, హైదరాబాదు నుంచి అమెరికా దాకా తెలుగువాళ్లు ఫోన్లలో చూసి మురిసిపోయారు. మాకెందుకు లేడయ్యా ఇలాంటి ఎమ్మెల్యే అని నిట్టూర్చారు. నిట్టూర్చినవాళ్లకు ఇక్కడ ఓటు లేదు. ఓటున్నవాళ్లు 2024లో 3,734 ఓట్ల తేడాతో ఆయన్ను ఇంటికి పంపారు.

ఆయన తిరగడాన్ని తప్పుపట్టేవాణ్ని కాను. గడప తొక్కని మహానుభావులు మనకు తక్కువేం కాదు. కానీ ఇలాంటి తిరుగుడు ఎవరిదైనా, ఏ పార్టీదైనా, ఒకసారి దగ్గర నుంచి చూడండి. వేలిముద్ర పడక ఒక అవ్వకు పింఛను ఆగింది. నాయకుడు గడప ముందు నిలబడ్డాడు, వెనక కెమెరా, పక్కన సచివాలయం సిబ్బంది. అవ్వ చెప్పేది అవ్వకే వినబడుతోంది, మిగతావాళ్ల చూపంతా కెమెరా ఎటు తిరుగుతుందోనని. నాయకుడు ఫోన్ తీసి అధికారిని నాలుగు కడిగాడు. పింఛను వచ్చింది, అవ్వ దండం పెట్టింది, వీడియో అయిపోయింది. బాగుంది. వేలిముద్ర పడనివాళ్లకు ఏం చేయాలన్నది ఒక రూలు. ఆ రూలు మార్పించగలిగిన చేతుల్లో ఒకటి ఆయనదే. ఆ చేత్తో ఫోన్ పట్టుకున్నాడు. కెమెరా పోని పక్కవీధిలో ఇంకో అవ్వ మిషను మీద వేలు రుద్దుతూనే ఉంది.

అయినా ఈ పద్ధతి అప్పటి సర్కారుకు తెగ నచ్చింది. 2022 మేలో ‘గడప గడపకు మన ప్రభుత్వం’ అని రాష్ట్రమంతా ఎమ్మెల్యేలను వీధుల్లోకి తోలారు. అప్పటికే యాభై ఇళ్లకొక వాలంటీరు, ఊళ్లో సచివాలయం, మండలంలో ఆఫీసు. వీళ్లందరూ కలిసి కొట్టలేని తలుపును ఎమ్మెల్యే వచ్చి కొట్టాలి. ఎన్ని గడపలు ఎక్కారో పైన లెక్క చూసి, తగ్గినవాళ్లకు సమీక్షలో అక్షింతలు వేశారు.

సభకు ఎన్ని రోజులు పోయావని మాత్రం ఎవరూ మార్కులు వేయలేదు. వేయడానికి సభ జరిగితే కదా? 2021లో మన రాష్ట్ర శాసనసభ ఏడాది మొత్తానికి పదిరోజులు కూడా కూర్చోలేదు. మే 20న ఒక్కరోజులో బడ్జెట్ సమావేశం కానిచ్చేశారు. కరోనా అన్నారు, నిజమే. మన వైపు పెళ్లి సంబంధాలు చూసుకోవడానికే అంతకంటే ఎక్కువ పొద్దు పడుతుంది. ఇక చట్టాల ముచ్చట: 2020లో మూడు రాజధానుల బిల్లుకు చేతులెత్తారు, 2021 నవంబరులో అదే చట్టాన్ని రద్దు చేయడానికీ అవే చేతులెత్తారు. రెండుసార్లూ అంతే హుషారు. చెయ్యెత్తడం కూడా ఒక వ్యాయామమే.

ఈ లెక్కన సభలో పనేముందని అనుకుంటారేమో, తాడిమర్రి మండలం నుంచే ఒక పని చెబుతాను. 2022 జూన్ 30 పొద్దున చిల్లకొండయ్యపల్లి దగ్గర పొలం పనికి పోతున్న కూలీల ఆటో మీద కరెంటు తీగ తెగిపడింది. ఐదుగురు ఆడకూలీలు కాలిపోయారు. విద్యుత్ అధికారులు ముద్దాయిని వెంటనే పట్టేశారు: ఉడత. తీగ మీద ఉడత పాకిందట, షార్ట్ సర్క్యూట్ అయిందట, తీగ తెగిందట. రామసేతువు కట్టేటప్పుడు ఇసుక మోసిన జీవి, కలియుగంలో విద్యుత్ శాఖ నేరం మోసింది. ఉడతాభక్తి అంటే ఇదే కాబోలు. దానికి వకీలు లేడు, సంఘం లేదు, బదిలీ భయం లేదు, పైగా చచ్చిపోయింది.

ఉడత పాకితే తెగే తీగ ఎన్నేళ్ల నాటిది? తెగిన క్షణంలో సరఫరా ఆగడానికి సబ్‌స్టేషన్‌లో ఏర్పాటు ఉంటుంది కదా, అది ఆ పొద్దు ఏం చేస్తోంది? ఇలాంటివి ఇంకెన్ని పల్లెల మీద వేలాడుతున్నాయి? లైన్‌మన్‌ను తిడితే వీటికి జవాబు రాదు. మంత్రిని నిలబెట్టి కాగితం మీద జవాబు రాబట్టాలి. అలా రాబట్టే చోటు ఒకటి మన డబ్బుతోనే కట్టి పెట్టుకున్నాం. అందులోకి పోయే మనిషి మాత్రం మన వీధి కాలువ దగ్గర దొరుకుతాడు.

చిత్రావతి సంగతీ అంతే. పార్నపల్లి దగ్గర బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, పది టీఎంసీలు. నీళ్ల వాటా ఎక్కువగా పులివెందుల వైపుకు, మునక మర్రిమాకులపల్లి లాంటి తాడిమర్రి పల్లెలకు. పరిహారం కోసం ఏళ్లకేళ్లు తిరిగారు. 2022 డిసెంబరులో ముఖ్యమంత్రి వచ్చి అవతలి ఒడ్డున బోటు షికారు ప్రారంభించారు. ఊరు మునిగినవాడు టికెట్ కొనుక్కుని తన ఊరి మీద తేలిరావచ్చు. ఏ సర్కారైనా ఇంతకంటే ఏం చేస్తుంది?

ఇక ఈ కొలువులో ఎదుగుదల చూద్దాం. కేతిరెడ్డి 2009లో కాంగ్రెస్ నుంచి గెలిచి, 2014లో ఓడి, 2019లో వైసీపీ నుంచి గెలిచారు. 2014లో తెలుగుదేశం నుంచి గెలిచిన గోనుగుంట్ల సూర్యనారాయణ 2019లో ఓడగానే బీజేపీలోకి నడిచారు. కిందికి పోయే నది వెనక్కి తిరగకపోవచ్చు గానీ, నాయకుడు తిరుగుతాడు. 2024 వచ్చేసరికి తెలుగుదేశం ఇన్‌చార్జిగా తిరిగిన పరిటాల శ్రీరామ్ ఆశపడ్డారు, సూర్యనారాయణ ఆశపడ్డారు. పొత్తులో సీటు బీజేపీకి పోయింది. టికెట్ ఢిల్లీ రాజకీయాల్లో పండిన సత్యకుమార్ యాదవ్‌కు వచ్చింది. మార్చి చివర్లో పేరు ఖరారు, మే 13న పోలింగు, జూన్ 12న మంత్రిగా ప్రమాణం. చీనీ చెట్టు నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది, ఇక్కడ మూడు నెలలు కూడా పట్టలేదు. ఏళ్ల తరబడి గడపలు తిరిగినవాళ్లు ముగ్గురూ ముగ్గురే చూస్తూ నిలబడ్డారు. ఇక అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు ఎన్నికల సంఘం పెట్టిన గీత 40 లక్షలు. ఆ మాట ధర్మవరం బజారులో గట్టిగా అనకండి, పట్టుచీరల షాపులవాళ్లు కూడా నవ్వుతారు.

గెలిచాక సభకు పోవాలా? అది పార్టీని బట్టి కాదు, కూర్చున్న వైపును బట్టి. 2017 నవంబరులో జగన్ ఎమ్మెల్యేలు సభ మానేశారు. 2021 నవంబరులో చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగానే వస్తానని శపథం చేసి వెళ్లిపోయారు. 2024 తర్వాత మళ్లీ జగన్ వంతు. అరవై రోజులు అనుమతి లేకుండా రాకపోతే సీటు ఖాళీ అని సభ ప్రకటించవచ్చని రాజ్యాంగం 190వ అధికరణంలో రాసి ఉంది. 2025 ఫిబ్రవరిలో గవర్నర్ ప్రసంగం నాడు వైసీపీ సభ్యులు వచ్చి, ప్రతిపక్ష హోదా కోసం నినాదాలిచ్చి, కాసేపటికే వెళ్లిపోయారు. తర్వాత కొందరు సంతకం చేసి సభలో కనబడకుండా పోతున్నారని స్పీకరే చెప్పారు. ఉపాధి హామీ కూలి పనిలో మస్టరు వేసి మాయమైతే మేటు ఊరుకోడు.

ఇంత దుమారంలోనూ తెలుగు శాసనసభ్యులు ఒక హక్కు కోసం మాత్రం గట్టిగా నిలబడ్డారు. తిరుమలలో తమ సిఫారసు లేఖలు చెల్లడం లేదని తెలంగాణ ఎమ్మెల్యేలు 2024లో అడిగి అడిగి, ఆఖరికి సాధించుకున్నారు. వాళ్లను అనేందుకు ఏముంది? తాడిమర్రి నుంచి ధర్మవరం బస్సెక్కి ఎమ్మెల్యే ఆఫీసుకు పోయేవాడు చిల్లకొండయ్యపల్లి తీగ గురించి అడుగుతాడా?

“అన్నా, మంగళవారం బ్రేక్ దర్శనం, నలుగురికి లెటరు కావల్ల.”

లెటరు ఇయ్యనోడికి వచ్చేసారి ఓటు పడదు. సభకు పోనోడి సంగతా? పోనీలెండి.