రాత్రిపూట సేటు

ఆన్‌లైన్ యుద్ధాల ఆటలో దూరి కొట్టు పెట్టుకునే జాతి ఒకటుంది. చుట్టూ కత్తులు ఖణేల్మంటుంటాయి, మంత్రాలు పేలుతుంటాయి, ఈ మనిషి మాత్రం సంత మధ్యలో నిలబడి తోలు రేటు చూసుకుంటుంటాడు. ఎవడో ప్రాణాలొడ్డి రాక్షసుణ్ణి చంపి, వాడి నెత్తిమీది టోపీ తెచ్చి అమ్మకానికి పెడితే, దాన్ని కొని పైన పది శాతం వేసి పక్కవాడికి అంటగడతాడు. ఆ రాక్షసుడు నల్లగా ఉంటాడో ఎర్రగా ఉంటాడో ఎరగడు. టోపీ ధర మాత్రం పోయిన మూడు వారాలది నోటికి చెప్తాడు.

మా కావేరిపట్టణంలో ఇట్లాంటివాణ్ణి సేటు అంటాం. మార్వాడీ కాడు, మా వీధివాడే. ఇంట్లో తెలుగు, మండీలో తమిళం, ఆటలో డబ్ల్యూటీఎస్, డబ్ల్యూటీబీ. మొదటిదానికి అమ్ముతానని, రెండోదానికి కొంటానని అర్థం. ఈ రెండు కూతలతో వాడు బ్రెజిల్ వాడితోనూ ఇండోనేషియా వాడితోనూ బేరం తెంపుతాడు. పక్కింటివాళ్లతో మాత్రం పండక్కి కూడా రెండు ముక్కలు మాట్లాడడు.

ఊరు కూడా వ్యాపారానికి తగిందే. పేరులో కావేరి, పక్కన పారేది దక్షిణ పెన్న: సరుకొకటి, చీటీ ఒకటి. 1767లో ఇక్కడి కోట కోసం హైదరాలీకీ కుంఫిణీవాళ్లకీ కొట్లాట జరిగింది. ఆ కాలపు సైన్యాల వెంట లంబాడీలు ఎద్దుల మీద ధాన్యం వేసుకుని తిరిగేవాళ్లు. గెలిచినవాడికీ ఓడినవాడికీ ఆకలైతే ఒకటే కదా. ఈ కథంతా సేటుకు చెప్తే, హైదరాలీ సంగతి అడగలేదు, ఫిరంగుల సంగతి అడగలేదు. "ఆ ఎద్దులోళ్లకి మార్జిన్ ఎంత మిగుల్తా వుండె అన్నా?" అన్నాడు.

వాళ్ల నాయనకు మామిడి మండీ ఉంది. మా కృష్ణగిరి జిల్లా అంటేనే మామిడి. ఎండాకాలం వచ్చిందంటే తోతాపురి కాయ లారీలకొద్దీ దిగి, గుజ్జు ఫ్యాక్టరీలకు తరలిపోతుంది. ఆ సీజనంతా కొడుకు గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలని నాయన పంతం. "ఆ చెమటలో, ఆ ఈగల్లో ఎవుడు కూసుంటాడు" అని కొడుకు పంతం. రాత్రి పదకొండుకు అదే కొడుకు మంచమెక్కి, దుప్పటి ముసుగేసి, ఫోను వెలిగించి రెండున్నర దాకా చేసేది ఏమిటంటే సరుకు పట్టడం, మూటలు మోయించడం, రేటు పడిపోతే తిట్టుకోవడం. ఈగలొక్కటే తక్కువ.

వీడికి వంశం లేదనుకోకండి. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ ఆటలో మొదట్లో వర్తకులకు చోటే చూపించలేదు. వాళ్లే ఈస్ట్ కామన్‌లాండ్స్ అనే ప్రాంతంలో ఒక సొరంగం చూసుకుని, అందులో నిలబడి సరుకుల పేర్లు కేకలేయడం మొదలుపెట్టారు. ఆ ఆట వస్తువులు బయట వేలంలో ఎంతెంత పలుకుతున్నాయో చూసి, 2001లో ఎడ్వర్డ్ కాస్ట్రోనోవా అనే ఆర్థికశాస్త్రవేత్త లెక్కకట్టాడు. ఆ లేని దేశంలో తలసరి ఉత్పత్తి రష్యాకూ బల్గేరియాకూ నడుమ ఉందని తేలింది. కొరియావాళ్ల రాగ్నరాక్ ఆటలో అయితే వర్తకం ఏకంగా నేర్చుకునే విద్య. తోపుడుబండి ఒకటి అద్దెకిస్తారు. విద్యలో పదో మెట్టెక్కితే ఆట నడిపే అంగడివాడి దగ్గర 24 శాతం తగ్గించి కొనవచ్చు, 24 శాతం ఎక్కువకు అమ్మవచ్చు. మా అవ్వ ఆ మెట్టు ఎప్పుడో దాటింది. ఆమె వస్తోందంటే గాజుల కొట్టువాడు ధర ముందే పెంచి చెప్పేవాడు.

అంతరిక్షంలో నడిచే ఈవ్ ఆన్‌లైన్ సంగతి ఇంకా పెద్దది. అక్కడ జీటా లాంటి చోట్ల జరిగే బేరాలు చూడటానికి, ఆ ఆట నడిపే ఐస్‌లాండ్ కంపెనీ 2007లో జీతమిచ్చి ఒక ఆర్థికశాస్త్రవేత్తను పెట్టుకుంది. 2012లో వాల్వ్ అనే ఆటల కంపెనీ యానిస్ వరూఫాకిస్‌ను అట్లాగే పిలిచింది. ఆయన 2015లో గ్రీసు ఆర్థికమంత్రి అయ్యాడు. ఈ ముక్క తెలిసిన రోజు సేటు పరుగున పోయి నాయన ముందు పెట్టాడు.

"చూడు నాయనా, ఆటలో లెక్కలు చూసినాయప్ప మంత్రి అయినాడు."

నాయన చిట్టా మూయకుండానే అడిగాడు: "అయినాక ఆ దేశం అప్పు తీర్చినాడా?"

తీర్చలేదు. ఆరు నెలలు తిరక్కుండానే రాజీనామా చేశాడు. ఆ సంగతి సేటుకు తెలుసు కాబట్టి సంగటి తినడానికి లోపలికి పోయాడు.

మా సేటు కొట్టు పెట్టింది ఆల్బియన్ ఆన్‌లైన్‌లో. బెర్లిన్‌వాళ్ల ఆట, 2017లో వచ్చింది. 2021లో ఫోన్లోకి దిగాక కావేరిపట్టణం మంచాల దాకా చేరింది. ఆట కట్టినవాడెవడో గట్టి వ్యాపారస్తుడి ఇంట్లో పుట్టి ఉంటాడని నా అనుమానం. ఊరికొక సంత పెట్టాడు, ఒక ఊరి ధర ఇంకో ఊళ్లో ఉండదు. పీచు పండేది థెట్‌ఫర్డ్ బురదనేలల్లో, దాన్ని లాభంగా బట్టగా మార్చేది లిమ్‌హర్స్ట్‌లో. కట్టె ఒకచోట, కోత ఇంకోచోట. సరుకు తనంతట తాను ఎగిరిపోదు, ఎవడో ఒకడు మోయాలి. ఆ మోసేదానికి ఎద్దు. నిజంగానే ఎద్దు. కంప్యూటర్ గ్రాఫిక్సులో వెయ్యి రకాల మృగాలు పుట్టించగలిగినవాళ్లు, బరువు దగ్గరికొచ్చేసరికి మన ఎద్దునే నమ్ముకున్నారు.

సేటు ఆ ఎద్దుల్ని సొంతంగా పెంచుతాడు. ఆటలో వాడికొక చిన్న దీవి ఉంది, అందులో కొట్టం. దూడ తెచ్చి, మేత వేసి, పెద్దదయ్యేదాకా రోజుల తరబడి కాచుకోవాలి. వాళ్ల ఇంటి వెనక నిజం కొట్టంలో నిజం ఆవు ఉంది. దాని ముందు గడ్డి పరక వేసిన పాపాన పోలేదు. అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి "అయ్యో, దూడలకు మేత వేయలేదే" అంటే వాళ్లమ్మ సంబరపడి గడ్డిమోపు తీసుకుని వెనక్కి పోయిందట. ఆ తర్వాత ఏం జరిగిందో వాళ్లింట్లో ఎవరూ చెప్పరు.

కార్లియన్ అని నడిమధ్య ఒక పట్నం ఉంది. ధరలన్నీ అక్కడే. దారి మాత్రం దొంగలది. ఎర్రప్రాంతమనే ఆ దారిలో ఎవడైనా నిన్ను చంపితే ఎద్దూ పోతుంది, మూటలూ పోతాయి, ఒంటిమీది చొక్కాతో సహా పోతుంది. వారం పాటు కూడబెట్టిన సరుకు ఒక్క రాత్రి అట్లా పోతే సేటు మర్నాడు ముఖం కడగలేదు. వీధిలో వాళ్లు మండీలో ఏమో నష్టం వచ్చిందనుకుని పరామర్శకు పోయారు. నాయన వాళ్లకు కాఫీ ఇప్పించి పంపాడు, ఏమని చెప్పుకుంటాడు!

ఇంత కష్టానికి వాడికి మిగిలేది వెండి నాణేలు, అవీ ఫోన్లోనే. మరి ఎందుకు పడతాడీ పాట్లు? నాకు తోచిన కారణం ఇది. ఆ సంతలో అరువు లేదు. రొక్కం పెట్టందే సరుకు కదలదు. కొనేవాడెవడో తెలియదు, తెలిసే అవసరమూ లేదు. మేనత్త మొగుడు వచ్చి పది కాయలు ఊరికే పట్టుకుపోడు. కాయ మాగదు, కుళ్లదు, లారీ దిగకముందే గుజ్జు ఫ్యాక్టరీవాడు రేటు తగ్గించాడని ఫోను రాదు. రైతు ఎదురుగా నిలబడి "కూలి కూడా రాలేదు సామీ" అనడు. మండీలో నాయన తల నెరిసింది ఈ మాటలకే, కాయలు లెక్కపెట్టి కాదు. సేటు వ్యాపారంలోంచి మనుషుల్ని తీసేసి మిగిలిన తీపి మాత్రం చప్పరిస్తున్నాడు. అందుకే అక్కడ పులి, ఇక్కడ పిల్లి. పగలు ఎప్పుడైనా గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడితే, ఎవరు కన్నీళ్లు పెట్టుకున్నా అరువిచ్చేస్తాడు.

ఈ అరువు లేని సంగతి విని నాయన బిత్తరపోయాడు. "అరువియ్యరా? అట్లయితే రేపు మళ్లీ నీకాడికే యాల వస్తాడ్రా?" అన్నాడు. సేటు దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి పెద్దాయన, సీజను ముగిసి పని లేక, రాత్రిళ్లు కొడుకు భుజం మీంచి ఫోన్లోకి తొంగిచూడటం మొదలుపెట్టాడు. మాట్లాడడు, కళ్లజోడు సవరించుకుంటాడు, అంతే. కొన్నాళ్లకు నోరు విప్పాడు.

"ఆ దారిలో దినమూ ఇంతమంది దోపిడీ అయిపోతా వుండారు కదా. చచ్చినోళ్లు ఏమైతారు?"

"మళ్లీ ఊర్లో లేస్తారు నాయనా."

"ఎద్దు?"

"ఎద్దు పోతాది."

"మరి నువ్వేల మూటలు మోస్తావు? వాళ్లు లేసే ఊర్లో ఎద్దులమ్మురా, పిచ్చోడా."

సేటు మూటలు మోయడం మానేశాడు. దీవిలో ఉన్న దూడలన్నీ ఎద్దులయ్యేదాకా ఆగి, ఆదివారం రాత్రి, అందరూ ఆడే వేళకు, వరసగా సంతలో పెట్టాడు. తెల్లారేసరికి ఒక్కటి మిగల్లేదు. వాడు ఎగిరి గంతేసి నాయన్ను నిద్రలేపితే, ఆయన లేచి కూర్చుని మొదట అడిగిన మాట, సంతవాడు ఎంత పట్టుకున్నాడని.

"పన్ను నూటికి నాలుగు. సరుకు పెట్టేటప్పుడు ఇంకో రెండున్నర."

"కూసున్నచోటే ఆరున్నరా!" పెద్దాయన కాసేపు ఆ బెర్లిన్‌వాళ్లను మనసులోనే మెచ్చుకున్నట్టున్నాడు. తర్వాత చెయ్యి చాపాడు. "తెలివి చెప్పినోడికి రెండన్నా ఇయ్యవా?"

వెండి నాణేలు ఫోన్లోంచి బయటికి రావని సేటు ఎంత చెప్పినా ఆయన వినలేదు. చివరికి లెక్క ఇట్లా కుదిరింది: కమీషను బాకీ కింద వచ్చే సీజను మొత్తం కొడుకు మండీలో కూర్చోవాలి. పెద్దాయన అప్పటికప్పుడు చిట్టా తెరిచి, కొడుకు పేరు మీద అరువు రాసుకున్నాడు.