వడ్డీ టోక్యోకి, పొగ వియత్నాంకి

2020 అక్టోబర్ 26న జపాన్ ప్రధాని సుగా పార్లమెంటులో లేచి, 2050 కల్లా మా దేశ కర్బన ఉద్గారాలు నికరంగా సున్నా అని ప్రకటించారు. సిరా ఆరకముందే, అదే డిసెంబర్‌లో, ఆ దేశ ప్రభుత్వ బ్యాంకు జేబీఐసీ వియత్నాంలోని వుంగ్ ఆంగ్-2 బొగ్గు విద్యుత్ కేంద్రానికి 63.6 కోట్ల డాలర్ల దాకా అప్పిస్తూ సంతకం పెట్టింది. కేంద్రం సామర్థ్యం 1,200 మెగావాట్లు. ఇందులో మాట తప్పిందెక్కడ? ప్రధాని ‘మా దేశం’ అన్నారు. వియత్నాం జపాన్‌లో లేదు.

వాతావరణ పద్దుల్లో ఉన్న సుఖం ఇదే. పొగ ఏ గడ్డ మీద లేస్తే ఆ గడ్డ ఖాతాలో రాస్తారు. అప్పిచ్చినవాడి ఖాతాలో వడ్డీ ఒక్కటే పడుతుంది. మడి కట్టుకున్న పెద్దాయన సారా కొట్టుకు డబ్బు తిప్పితే మడికేం భంగం? ఆయన చుక్క ముట్టలేదు, పైగా కొట్టు పక్క వీధిలో ఉంది.

పర్యావరణ మంత్రి కొయిజుమి మాత్రం ఈ వుంగ్ ఆంగ్ సంగతిలో 2020 జనవరిలోనే ఉండబట్టలేకపోయారు. డబ్బు జపాన్‌ది, కట్టేది చైనా, అమెరికా కంపెనీలా, ఇదేం లెక్క అని విలేకరుల ముందే అడిగేశారు. చివరికి నిర్మాణం పని కొరియా కంపెనీలకు దక్కింది. మంత్రిగారి అభ్యంతరాన్ని ఆ మేరకు మన్నించారన్నమాట.

ఉన్నమాట చెప్పాలి: 2021లో జీ7 దేశాలు బయటి దేశాల బొగ్గుకు కొత్తగా సర్కారు సొమ్ము ఇవ్వబోమన్నాక, మరుసటి ఏడాది జపాన్ బంగ్లాదేశ్‌లో మతర్‌బారి బొగ్గు కేంద్రం రెండో దశ నుంచీ, ఇండోనేషియాలో ఇంద్రమాయు నుంచీ తప్పుకుంది. మతర్‌బారి మొదటి దశకు అప్పటికే డబ్బు ముట్టింది. కట్టినదాన్ని కూల్చమని ఎవరూ అడగరు కదా.

ఇక బొగ్గుకు కొత్త వైద్యం వచ్చింది. పేరు అమోనియా. 2024లో హెకినాన్ కేంద్రంలోని ఒక యూనిట్లో 20 శాతం అమోనియా కలిపి కాల్చి చూశారు. మిగిలిన 80 శాతం ఏమిటని అడిగేవాళ్లు మర్యాద తెలియనివాళ్లు. ఆ అమోనియా ప్రపంచంలో ఎక్కువగా గ్యాస్ నుంచే తయారవుతుందని గుర్తుచేసేవాళ్లు అంతకన్నా మొరటువాళ్లు. కేంద్రం నడిపే జేరా కంపెనీ అయితే కార్బన్ డయాక్సైడ్ రాని మంట చేస్తామని ప్రకటనలే వేసుకుంది. 2021లో గ్లాస్గో సదస్సులో ప్రధాని కిషిదా ఈ మందునే ఆసియా మొత్తానికి రాసిచ్చారు. పర్యావరణ ఉద్యమకారులు ఆయన దేశాన్ని ‘ఫాసిల్ ఆఫ్ ది డే’ అనే వెక్కిరింత బహుమతితో సత్కరించారు.

గ్యాస్‌కైతే మందు కూడా అక్కర్లేదు. 2023లో హిరోషిమాలో జపాన్ ఆతిథ్యమిచ్చిన జీ7 ప్రకటన, గ్యాస్‌లో ప్రభుత్వ పెట్టుబడి ‘తాత్కాలికంగా’ తగినదే కావచ్చు అంది. తాత్కాలికం అంటే ఎన్నేళ్లో, పైపులు వేసే ఇంజనీర్లకు బాగా తెలుసు.

ఇలాంటి తాత్కాలికాల్లో పెద్దది మొజాంబిక్‌లో ఉంది. అక్కడి ద్రవీకృత సహజవాయువు (ఎల్‌ఎన్‌జీ) ప్రాజెక్టుకు 2020లోనే జేబీఐసీ 300 కోట్ల డాలర్ల దాకా అప్పు రాసిచ్చింది. 2021లో పాల్మా పట్టణంపై సాయుధ దాడి జరిగి, పనులు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. ప్రాజెక్టులో జపాన్ వాటా 20 శాతం. ఓఎన్‌జీసీ విదేశ్, భారత్ పెట్రోలియం అనుబంధ సంస్థ, ఆయిల్ ఇండియా కలిసి మన వాటా 30 శాతం. కాబట్టి పాఠకులు పైన ఎక్కడెక్కడ నవ్వారో, అందులో ఆ మేరకు తగ్గించుకోగలరు.