ఓ అప్‌డేటూ, రేపు రా!

తొంభైల్లో మన ఊళ్లలో తలుపుల మీద సుద్దముక్కతో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకునేవాళ్లు. రాత్రిపూట దయ్యం వస్తుంది, ఆ రాత చదువుకుంటుంది, సరేలే అని వెళ్లిపోతుంది. మర్నాడు మళ్లీ వస్తుంది, మళ్లీ చదువుకుంటుంది. బుర్ర లేకపోయినా చదువొచ్చిన దయ్యం. ఇప్పుడా రాత హైదరాబాద్ కొత్తగూడలో ఫోన్ల మీదికెక్కింది. 'సిస్టమ్ అప్‌డేట్ సిద్ధం' అని కనిపించడమే ఆలస్యం, బొటనవేలు 'తర్వాత' మీద పడుతుంది.

కొత్తగూడే ఎందుకంటారా? ఆండ్రాయిడ్‌ను తయారుచేసే గూగుల్ ఏళ్ల తరబడి కొలువున్నది ఈ కొత్తగూడ, కొండాపూర్ దారిలోనే. 2025 జూన్ 18న ఆ కంపెనీ నగరంలో సేఫ్టీ ఇంజనీరింగ్ సెంటర్ తెరిస్తే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రారంభించారు. డబ్లిన్, మ్యూనిక్, మాలగా తర్వాత ప్రపంచంలో ఇది నాలుగోది. లోకానికి కాపలా కాసే ఇంజనీరు జంక్షన్‌లో ఎర్రలైటు దగ్గర ఆగితే, పక్కన బైకు మీదున్న మన సాఫ్ట్‌వేర్ సోదరుడి ఫోన్‌లో నిరుటి సెక్యూరిటీ ప్యాచే ఉంటుంది. ఆ సోదరుడి ఉద్యోగం ఏమిటయ్యా అంటే, అమెరికా బ్యాంకు సర్వర్లకు ప్యాచ్‌లు వేయడం. అక్కడ ఒక్కరోజు ఆలస్యమైతే రాత్రి రెండింటికి కూడా కాల్‌లో కూర్చుంటాడు. మరి సొంత ఫోన్ సంగతి? "స్టోరేజీ లేదు మామా!" ఎందుకుంటుంది? శుభోదయం గులాబీలు, మూడు సంక్రాంతుల ముగ్గులు, ఒకే వీడియో నాలుగు గ్రూపుల నుంచి నాలుగుసార్లు.

ఇంకో వాదన ఉంది. అప్‌డేట్ చేస్తే ఫోన్ నెమ్మదిస్తుంది, ఇదంతా కొత్తది కొనిపించే కుట్ర అని. పూర్తిగా కొట్టిపారేయలేం. బ్యాటరీ అరిగిన పాత ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్‌తో తగ్గించామని ఆపిల్ 2017 డిసెంబర్‌లో తానే ఒప్పుకుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌కు సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడకేశాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు పెన్నుతో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఆ రోజు 'తర్వాత' పార్టీకి పండగే పండగ.

ఆ పార్టీ 2017 మే మాట మాత్రం ఎత్తదు. ఆ ఏడాది మార్చి 14న మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. మే 12న వాన్నక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చి, దాన్ని వేసుకోని కంప్యూటర్లను ప్రపంచమంతా వెతుక్కుంది. ఆంధ్రప్రదేశ్‌లో దానికి దొరికినవి ఎవరివో కావు, పోలీసులవే. చిత్తూరు నుంచి శ్రీకాకుళం దాకా కొన్ని జిల్లాల్లో ఫైళ్లకు తాళం పడింది. ఏ రంధ్రం పూడ్చారో ప్యాచ్‌తో పాటే లోకానికి తెలిసిపోతుంది. దొంగలూ అది చదువుతారు. కాకపోతే చదివి వెనక్కి వెళ్లే రకం కాదు.

ఇంత అనుమానం మనిషి ఎక్కడ పడిపోతాడంటే, వాట్సాప్‌లో. 2023 డిసెంబర్ చివర్లో పెండింగ్ చలాన్లకు టూవీలర్‌పై 80 శాతం రాయితీ ఇచ్చిన తెలంగాణ నేల ఇది. చలాన్ అంటే మనకు భయం కాదు, ఆశ. ముక్కూమొహం తెలియని నంబర్ నుంచి చలాన్ పేరుతో ఏపీకే (APK) అనే యాప్ ఫైలు రాగానే నొక్కేస్తాడు. పెళ్లిపత్రిక అన్నా, రివార్డు పాయింట్లన్నా, పీఎం కిసాన్ అన్నా అంతే. 'ఈ యాప్ హానికరం కావచ్చు' అని ఫోన్ మొత్తుకుంటుంది. అయినా ఇన్‌స్టాల్ చేస్తాడు. ఎస్సెమ్మెస్‌లు చదవనివ్వమంటే చదవనిస్తాడు. ఇక ఓటీపీలన్నీ అటే. పెళ్లి ఎవరిదో తెలీదు, చదివింపులు మాత్రం మన ఖాతాలోంచి.

ఫోన్ తయారుచేసినవాడు పంపేది కుట్ర, ఊరూపేరూ లేనివాడు పంపేది శుభలేఖ!

కంపెనీలూ తక్కువ తినలేదు. పిక్సెల్ 8కు గూగుల్, ఎస్24కు శాంసంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నాయి. కొత్తగూడ ఫ్లైఓవర్ కింద ఆర్డరు కోసం నిలబడ్డ డెలివరీ కుర్రాడి చేతిలోని చవక ఫోన్‌కు ఆ భాగ్యం లేదు. కావాలన్నవాడికి అప్‌డేట్ రాదు, వచ్చినవాడికి అక్కర్లేదు.

సెట్టింగ్స్‌లోకి వెళ్లి, 'అబౌట్ ఫోన్' దగ్గర సెక్యూరిటీ ప్యాచ్ తేదీ ఒకసారి చూడండి. ఆ ఏపీకే ఇప్పటికే నొక్కేసి, డబ్బు పోయి ఉంటే మాత్రం వెంటనే 1930కి ఫోన్ చేయండి. వేరే ఫోన్ నుంచి.