ఆత్మజ్ఞానానికి హాజరు పట్టీ

ఉద్యోగి తన్ను తాను తెలుసుకుంటే ఏమవుతుందో చూడటానికి కంపెనీలు బెంగళూరు నుంచి ట్రైనర్లను పిలిపించుకోనక్కర్లేదు. బనగానపల్లెలో ఎవర్నడిగినా చెబుతారు. పదిహేడో శతాబ్దంలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువుల కాపరిగా చేరిన వీరబ్రహ్మం ఆవుల్ని రవ్వలకొండకు తోలుకుపోయి, మంద చుట్టూ కర్రతో గీత గీసి, గుహలో కూర్చుని తాటాకుల మీద కాలజ్ఞానం రాసేవాడట. ఇప్పటి లెక్కలో అది డ్యూటీ టైములో సొంత పని. షోకాజ్ నోటీసు ఖాయం. అచ్చమ్మ కూడా జీతగాడి గుట్టు కనిపెడదామనే కొండెక్కింది. దిగొచ్చాక మాత్రం నోటీసు ఇవ్వలేదు, ఉపదేశం అడిగింది. అది యాగంటిలో జరిగిందంటారు. ఆవులు గీత దాటలేదు, పనీ ఆగలేదు. కళ్ళు తెరిచింది యజమానురాలు.

ఇప్పటి శిక్షణల్లో కథలోని ఆ సగానికి కత్తెర పడింది.

హోటల్ హాల్లో ఏసీ, తలా ఒక స్కెచ్ పెన్ను, నాలుగు గళ్ళ కాగితం. జోసెఫ్ లఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1955లో తయారుచేసిన ఈ పటానికి వాళ్ళ పేర్లు కలిపి జొహారీ కిటికీ అని పేరు పెట్టారు. నీ గురించి నీకూ పదిమందికీ తెలిసినవి మొదటి గడిలో రాయాలి. పదిమందికి తెలిసి నీకు తెలియనివి రెండో గడి. నీకు తెలిసి నువ్వు దాచుకున్నవి మూడోది. మేనేజరు భుజం మీదుగా తొంగి చూస్తుంటే ఆ మూడో గడిలో ఎవరైనా ఏం రాస్తారు? 'నాకు పని మీద శ్రద్ధ మరీ ఎక్కువ' అని హాలంతా ఒకే లోపం ఒప్పుకుంటుంది. ఎవరికీ తెలియనివి నాలుగో గడి. ఇంక్రిమెంటు తేదీ అక్కడ చక్కగా ఇముడుతుంది.

దీనికి తోడు మయర్స్-బ్రిగ్స్ పరీక్ష. మనస్తత్వ శాస్త్రంలో శిక్షణ లేని ఒక తల్లీకూతుళ్ళు మనుషుల్ని 16 రకాలుగా విడగొట్టారు. మన పంచాంగం పాపం 12 రాశులతోనే సరిపెట్టుకుంది, దక్షిణ కూడా తక్కువే.

ప్రభుత్వమూ వెనకబడలేదు. ప్రభుత్వ ఉద్యోగుల శిక్షణ కోసం కేంద్ర మంత్రివర్గం 2020 సెప్టెంబరులో మిషన్ కర్మయోగికి ఆమోదం తెలిపింది. సెల్‌ఫోన్లోనే కోర్సు, సెల్‌ఫోన్లోనే సర్టిఫికెట్. ఆంధ్రప్రదేశ్‌లో ముఖ హాజరు యాప్ వచ్చాక, సర్వరు గుర్తుపడితే తప్ప తాను ఆఫీసుకొచ్చినట్టు లెక్కకాని గుమాస్తాకు, తానెవరో తెలుసుకోవడం రోజూ పొద్దున్నే ఎలాగూ తప్పదు.

మూడు దాటితే పింఛనుదారుల మీద విసుక్కుంటున్నానని ఆ గుమాస్తా గ్రహిస్తే మంచిదే, ఎవరు కాదన్నారు? అయితే కౌంటర్లో ముగ్గురి పని అతనొక్కడే చేస్తున్న సంగతి ఏ గడిలో రాయాలో ట్రైనరు చెప్పడు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లోని 233 సంస్థల్లో 46,336 మంది ఉద్యోగుల సమాధానాలు పరిశీలించి 2024లో ఫలితాలు ప్రచురించాడు. మైండ్‌ఫుల్‌నెస్, ఒత్తిడి తట్టుకునే తరగతుల వంటివాటికి వెళ్ళినవాళ్ళు వెళ్ళనివాళ్ళకంటే మెరుగ్గా ఏమీ లేరని తేలింది. పని పరిస్థితులు మార్చండయ్యా అన్నాడాయన. ఉద్యోగంలో చతికిలబడిపోవడానికి మూలం పనిచోట తగ్గని ఒత్తిడేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే రాసిపెట్టింది. పరిస్థితులు మార్చాలంటే మనుషుల్ని తీసుకోవాలి, జీతాలివ్వాలి. స్కెచ్ పెన్నులు చవక.

ఆ చవక సరుకునే వాడదలిస్తే, వచ్చే శిక్షణలో రెండో గడిని మేనేజరు పేరు మీద తెరవొచ్చు. గేటు దగ్గర సెక్యూరిటీ మొదలు టీ కుర్రాడి దాకా నింపడానికి అందరూ సిద్ధమే. కాకపోతే ఒక్క కాగితం చాలదు. పరీక్ష హాల్లో ఇచ్చినట్టు అడిషనల్ షీట్లు, కట్టుకోవడానికి దారం కూడా ఇవ్వాలి.